నిప్పు పుట్టే చోట బొట్టు

మా మోటారుకీ నాకూ మొదటి రోజు నుంచీ పడలేదు. అది మా నాన్న మాట వినేది, నా మాట వినేది కాదు. ఆయన పక్క సీట్లో కూర్చుని, పంచె సర్దుకుని, "ఊఁ, పోనీ" అంటే పోయేది. ఆయన లేని రోజున నేనొక్కణ్ణే ఇంజను ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకుని తిప్పితే, భుజం ఊడిపోయేదాకా తిప్పించుకుని, రెండు దగ్గులు దగ్గి ఊరుకునేది. యంత్రానికి మనుషుల్లో తేడా తెలియదని చదువుకున్నవాళ్ళు అంటారు. వాళ్ళెవరూ అనంతగిరి ఘాటు రోడ్డు మీద పాత మోటారు నడిపి ఉండరు.

ఇది పందొమ్మిది వందల ఇరవైల నాటి సంగతి. మా నాన్న కుర్రతనంలో శృంగవరపుకోట నుంచి ఎడ్ల మీద ఉప్పు వేసుకుని కొండెక్కేవారు, ఉప్పు ఇచ్చి పసుపు తీసుకుని దిగేవారు. కొన్నాళ్ళకి దిగడం మానేసి అనంతగిరిలోనే కొట్టు పెట్టుకున్నారు. కొట్టుకీ ఇంటికీ మధ్య గోడ లేదు, ఉన్నదల్లా పసుపు బస్తాలే. కొండవాళ్ళు కావిళ్ళలో తెచ్చిన పసుపు మా పెరట్లోనే ఉడికేది, అరుగు మీదే ఎండేది. మా దుప్పట్లు పచ్చన, మా గోళ్ళు పచ్చన, గాలి వీస్తే వంటింట్లో పాలు కూడా పచ్చన. చదువుకని నన్ను కిందికి పంపితే అక్కడి పిల్లలు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "కామెర్లోడా" అని పిలిచేవారు. ఒకడి పళ్ళు రాలగొట్టి చదువు చాలించి వచ్చేశాను.

మోటారు ఒక కాఫీ తోట దొరది. ఆయన దేశం వెళ్ళిపోతూ దాన్ని ఎవరికైనా అంటగట్టాలని చూస్తుంటే నాన్న తీసుకున్నారు. పైన గుడ్డ టాపు, వెనక పొడుగాటి సీటు. ఆ సీటు తీసేస్తే బస్తాలు పట్టేవి, బిగిస్తే ఇంటిల్లిపాదీ పట్టేవాళ్ళం. దొర దగ్గర డ్రైవరుగా చేసినాయన వెళ్ళిపోయే ముందు కొన్ని వారాలు మా ఇంట్లో ఉండి నాకు నేర్పాడు. నేర్పడమంటే తిట్టడం. పానా ఎలా పట్టాలో తిట్టాడు, ఇంజను ఎందుకు ఆగుతుందో తిట్టాడు. ప్లగ్గుల మీద నూనె మసి పడితే నిప్పుల్లో కాల్చి బాగుచెయ్యాలని కూడా తిడుతూనే చెప్పాడు. నాకు తెలిసిన మోటారు విద్య అంతా ఆ తిట్లలోదే.

ఇంజను నెత్తిన వరసగా నాలుగు ప్లగ్గులుండేవి. తెల్లటి పింగాణీ నడుము, కింద ఇనుప మరలు, ఆ మరల కొసన చిన్న సందు. ఆ సందులో నిప్పురవ్వ దూకితేనే లోపల పెట్రోలు అంటుకుని మోటారు నడుస్తుంది. దొర నాటి ప్లగ్గులు అరిగిపోయాయని నేను పోరుతూ ఉంటే, నాన్న ఎట్టకేలకు కింద నుంచి కొత్తవి నాలుగు తెప్పించారు. రేకుపెట్టెలో, పల్చటి కాగితాల్లో చుట్టి వచ్చాయి. వచ్చాక వాటిని బిగించనిస్తారనుకున్నాను.

"పాతయ్యి నడుత్తన్నాయా లేదా?" అన్నారు.

"నడుత్తన్నాయి గానీ..."

"మరైతే నడవనీ. కొత్తయ్యి పెట్టిలో ఉంటే పాతాటికి బయ్యం ఉంటాది."

ఆయన ధోరణి అంతే. కొత్త చెప్పులు అటక మీద పెట్టి పాత చెప్పులు కుట్టించుకునేవారు. కొత్త గొడుగు ఉన్నదని ధైర్యం చెప్పుకుని చిల్లుల గొడుగు కింద తడిసేవారు. నేను గొణుక్కుంటూ రేకుపెట్టెను సీటు కింద తోసేశాను. అది అక్కడే ఉంటే బాగుండేది. దసరా వచ్చింది.

దసరాకి మా ఇంట్లో పనిచేసే ప్రతి వస్తువుకీ పూజ. త్రాసుకి, కుంచానికి, గునపానికి, బస్తాలు కుట్టే దబ్బనానికి, ఎడ్ల కాడికి, అన్నిటికీ పసుపు పూసి కుంకుమ పెట్టేది మా అమ్మ. ఊళ్ళో అందరూ చేసేదే అయినా, పసుపు వ్యాపారం కనక మా అమ్మ చెయ్యి ఇంకాస్త ధారాళం. ఒక ఏడు దారిన పోతున్న పిల్లికి కూడా పెట్టేసిందని నాన్న ఏడిపించేవారు. ఆ దసరాకి మోటారు కిందా మీదా పచ్చబడ్డాక, సీటు కింద రేకుపెట్టె ఆమె కంట పడింది. మూత తీసి, కాగితం విప్పి, ఒక ప్లగ్గు చేతిలోకి తీసుకుంది.

"ఇదేటిరా, బొమ్మలాగుంది?"

నా విద్య ప్రదర్శించే అవకాశం నాకు ఎప్పుడో గానీ దొరికేది కాదు. దగ్గర కూర్చుని చూపించాను. "ఈ కొసకీ ఈ కొక్కేనికీ మద్దిని సందుంది సూశావా? నిప్పు పుట్టే సోటు ఇదేనమ్మా. ఇది లేకపోతే మోటారు ఒట్టి రేకు."

అమ్మ దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. ముఖంలో భక్తి కనిపించింది. "అయితే అగ్గిదేముడు ఇక్కడే ఉంటాడన్నమాట. పొయ్యికి బొట్టెడతాం, దీపం కుందికి ఎడతాం, దీనికెట్టకుండా ఉంటానేటి?" అంటూ నూనెలో కలిపిన పసుపు ముద్ద వేలితో తీసి, బొమ్మకి నలుగు పెట్టినట్టు దాని మరలన్నిటికీ పూసింది. తరవాత కుంకుమ తడిపి, నేను చూపించిన ఆ సందులోనే, సరిగ్గా అక్కడే, బొట్టు పెట్టింది. నాలుగింటికీ అలాగే పెట్టి మళ్ళీ కాగితాల్లో చుట్టి రేకుపెట్టెలో పడుకోబెట్టింది. నాన్న, నేను, కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్య, ముగ్గురం నవ్వుకుంటూ చూశాం. బొట్టు పెట్టినందుకు మోటారు నడుస్తుందని ఎవరం అనుకోలేదు, ఆగిపోతుందని కూడా అనుకోలేదు. అమ్మ చేతి పసుపు వల్ల ఎవరికైనా చెడు జరుగుతుందని ఆ ఇంట్లో ఎవరికి తడుతుంది?

దసరా వెళ్ళాక మన్యంలో జ్వరాల కాలం. నాన్నకి ఏటా ఒకసారి వచ్చేది, క్వినైను మింగి, రగ్గు కప్పుకుని, వణుకుతూనే బేరాలు చేసేవారు. ఆ ఏడు కూడా అంతేననుకున్నాం. ఒంటి రంగు మారుతోందని ఎవరం గమనించలేదు. పసుపు బస్తాల మధ్య బతికే మనిషి పచ్చబడితే ఎవరికి తెలుస్తుంది? ఒకరోజు తెల్లవారుతూనే అమ్మ నన్ను తట్టి లేపి పెరట్లోకి తీసుకెళ్ళి చెంబు చూపించింది. అందులో ఉన్నది మూత్రంలా లేదు, కాఫీ డికాక్షన్‌లా నల్లగా ఉంది. నేను లోపలికి పరిగెత్తి నాన్న కంటి రెప్ప పైకెత్తి చూశాను. కన్ను పసుపుకొమ్ము విరిచినట్టుంది. నల్లనీళ్ళ జ్వరం అని దాన్ని అంటారు. అది వచ్చిన మనిషిని కొండ మీద ఉంచుకుంటే దక్కడని అందరికీ తెలుసు. ఆ రోజే కిందికి దింపి ఆసుపత్రిలో పెట్టాలి. ఆ రోజుకి మా ఇంట్లో ఇంకే పనీ లేదు.

వార్త తెలిసి ముందుగా వచ్చినవాడు నాన్న నేస్తం. నేస్తమంటే ఒట్టి స్నేహితుడు కాదు. కొండ మీద ఇద్దరు మగవాళ్ళు నేస్తం కట్టుకుంటే వాళ్ళు జన్మంతా ఒకరిని ఒకరు పేరుతో పిలవరు, "నేస్తం" అనే పిలుచుకుంటారు, ఒకరి చావుకి ఒకరు ఉపవాసం ఉంటారు. ఈయన పక్క గూడెం రైతు. నాన్న ఉప్పు బస్తాతో కొండెక్కిన మొదటి ఏడు, మా నాన్నకి మొదటి పసుపు ఇచ్చినవాడు. గుమ్మంలో నిలబడే నాన్నని చూసి నా వైపు తిరిగాడు.

"డోలీ కట్టీమంటావా బాబూ? మావోల్ని పిలుత్తాను. పొద్దు గూకే యేలకి కిందకి దింపేత్తాం."

"మోటారైతే మజ్జానానికి ఆసుపత్రిలో ఉంటాం" అన్నాను.

ఆ లెక్క తప్పని ఇవాళ కూడా ఒప్పుకోను. జ్వరంతో ఎముకలు కొరుక్కుపోతున్న మనిషిని డోలీలో ఊపుకుంటూ రోజంతా రాళ్ళ మీద దింపడం ఎక్కడ, మోటారులో పూటలో దిగడం ఎక్కడ? అమ్మ కూడా అదే అంది. నేస్తం తలూపి అరుగు మీద కూర్చున్నాడు, వెళ్ళిపోలేదు.

బయట మంచు. అనంతగిరి మంచు అంటే ఎదుట మనిషి గొంతు వినపడుతుంది గానీ ముఖం కనపడదు. నేను హ్యాండిల్ తిప్పాను. మోటారు తన పాత దగ్గు దగ్గింది. మళ్ళీ తిప్పాను. బానెట్టు ఎత్తి చూస్తే పాత ప్లగ్గుల పింగాణీ మీద బీటలు, వాటి మీద తడి. ఇక వీటితో కాదనుకుని పానా వేశాను. మూడు వచ్చాయి. నాలుగోది తుప్పు పట్టి కదల్లేదు. పెట్రోలు పోసి, సుత్తితో తట్టి, దేవుళ్ళనీ దొరనీ దొర డ్రైవర్నీ తిట్టి, చివరికి దాన్ని ఊడబీకాను. చేతి మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది. అదేం పట్టలేదు. కొత్త నాలుగూ పెట్టెలో ఉన్నాయి కదా అన్న ధీమా ఒక్కటే పట్టుకున్నాను.

రేకుపెట్టె తీసి, కాగితాలు చించి, మీద కనిపించిన పసుపూ కుంకుమా పంచె చెంగుతో తుడిచి, ఒక్కొక్కటే బిగించాను. తీగలు తగిలించి హ్యాండిల్ తిప్పాను. ఏమీ లేదు. దగ్గు కూడా లేదు. పాత ప్లగ్గులకి దగ్గైనా వచ్చింది, కొత్తవాటికి నోరు పెగల్లేదు. తిప్పాను, తిప్పాను, ఒకసారి హ్యాండిల్ వెనక్కి తన్ని మోచేతిని కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికి కాదు, కోపానికి.

అమ్మ గుమ్మం దాకా రావడం, నా వైపు చూడడం, లోపలికి పోవడం. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "బేగి కానీరా. ఒళ్ళు కాలిపోతంది."

"కాకుండా ఊరికే కూకున్నానేటి?" అని అరిచాను.

లోపల మంచం మీద నుంచి నాన్న గొంతు వచ్చింది. సన్నగా, కానీ వ్యాపారం మరిచిపోని గొంతు. "కొత్తయ్యి పెట్టేశావేట్రా? నాలుగూనా?"

"నాలుగూ పెట్టేశాను నాన్నా."

"ఒకటి దాసుంచాల్సింది" అన్నారు. ఆ తరవాత మూలుగు తప్ప ఏమీ వినపడలేదు.

ఇంతలో పక్క కొట్లవాళ్ళు చేరారు. మోటారు ఎన్నడూ ఎక్కని ప్రతి మనిషికీ మోటారు గురించి ఒక సలహా ఉంటుంది. ఒకాయన పెట్రోలులో నీళ్ళు కలిశాయన్నాడు, ఒకాయన వేడినీళ్ళు పోయమన్నాడు, ఇంకొకాయన దక్షిణం ముఖంగా ఉన్నందుకే కదలడం లేదని దాన్ని తిప్పి నిలబెట్టమన్నాడు. వాళ్ళ మీద పానా విసరకుండా ఉండడానికి నాకు మిగిలిన ఓర్పంతా అయిపోయింది. అందరినీ అవతలికి పొమ్మని, ఒక ప్లగ్గు మళ్ళీ ఊడదీసి, దాన్ని తిరగేసి, మొదటిసారి సరిగా లోపలికి చూశాను.

పింగాణీకీ ఇనుప చుట్టుకీ మధ్య ఖాళీ ఉండాలి. అక్కడ ఖాళీ లేదు, పసుపుంది. నూనె పసుపు ఆ ఇరుకులోకి జారి గట్టిపడి కూర్చుంది. నిప్పు దూకాల్సిన సందులో కుంకుమ, పైకి తుడిచినా లోపల ఎర్రగా అంటుకుని ఉంది. రెండో దాన్ని ఊడదీశాను, అలాగే ఉంది. మిగిలిన రెండూ ఊడదీయకుండానే తెలిసిపోయింది. అమ్మ దేన్నీ సగం సగం చేసే మనిషి కాదు.

మోటారు మెట్టు మీద కూర్చుండిపోయాను. నవ్వుతూ చూశాం కదా! ఆమె ఎంత శ్రద్ధగా వేలు పెట్టిందో నా కళ్ళ ముందు ఆడింది. అప్పుడే ఆమె మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు. ఆ బొట్టు నిలవాలని తల్లడిల్లుతూ నిలబడి ఉంది.

"ఏటయ్యిందిరా?"

చెయ్యి మూసేసి ప్లగ్గులు దాచాను. "ఏటీ లేదమ్మా. మంచుకి తడిశాయి. ఆరబెట్టాలి."

"మంచుకేనా?"

"మంచుకే."

ఆమె లోపలికి వెళ్ళింది. నేను మిగిలిన రెండూ ఊడదీసి, నాలుగూ తీసుకుని పెరటి దారిన వంటింట్లోకి పరిగెత్తాను. నా భార్య కషాయం కాస్తోంది. "గిన్నె దించు, నిప్పులు పక్కకి లాగు" అన్నాను. దబ్బనంతో గీకగలిగినంత గీకాను. లోపలి ఇరుకులోకి దబ్బనం పోలేదు, ఇక కాల్చడమే. పట్టకారుతో ఒక్కొక్కటీ నిప్పుల మీద పెట్టాను. మొదట నూనె చిటపటలాడింది. తరవాత పొగ లేచింది. పసుపు మాడిన పొగ. ఆ కమురు గొంతులో పట్టుకుంది. నా భార్య దగ్గుతూ ప్లగ్గుల వైపు చూసింది, నా వైపు చూసింది, అర్థమైంది. నోరు తెరవబోతుంటే వేలు పెదాల మీద పెట్టి చూపించాను. ఆమె లేచి వెళ్ళి నాన్న ఉన్న గది వైపు తలుపు వేసి వచ్చింది. అప్పటికే ఆ కమురు అమ్మ దాకా పోయిందో లేదో మాకు తెలియదు.

ఎర్రగా కాలాక తీసి, బూడిద దులిపి, చల్లారే దాకా ఆగాలి. మూడింటికి ఆగగలిగాను. నాలుగోదాన్ని, ఆత్రం ఆగక, వేడిగానే పట్టకారుతో పట్టుకుని బయటి మంచులోకి తీసుకుపోయాను. టిక్కుమని చిన్న చప్పుడైంది. పింగాణీ నిలువునా చీలింది. నేనక్కడే నిలబడి గట్టిగా ఏడ్చాను. ఎవరైనా చూస్తారన్న ఆలోచన కూడా లేదు. అరుగు మీది నేస్తం లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేశాడు.

"మూడుంటే నడవదా?"

"నడుత్తాది. కుంటుతాది."

"కిందకే కదా పోడం. నీళ్ళు కూడా ఎవులూ తొయ్యకుండానే కిందకి పోతాయి. మేం తోత్తాం, పద."

మూడు కాల్చినవి బిగించాను. నాలుగో రంధ్రం ఊరికే వదిలెయ్యడానికి లేదు, పాతవాటిలో కాస్త తిన్నగా ఉన్నదాన్ని బిరడాలా బిగించాను. నాన్నని రగ్గులో చుట్టి తెచ్చి వెనక సీటు మీద పడుకోబెట్టాం. అమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. నా భార్య కషాయం చెంబు అందించి గుమ్మంలో ఆగిపోయింది. సంతకి పోతున్న కొండవాళ్ళని నేస్తం కేకేశాడు. వాళ్ళు కావిళ్ళు దారి పక్కన దింపి, ఎవరని గానీ ఎందుకని గానీ అడగకుండా మోటారు వెనక చేతులు వేశారు. దారి వాలే చోటు దాకా తోశారు. మొదటి వాలులో రాలేదు. రెండో వాలులో ఒక్కసారి ఉలిక్కిపడింది, పేలింది, నల్లటి పొగ కక్కి, కుంటుకుంటూ అంటుకుంది. వెనక నుంచి కేకలు వినపడ్డాయి. నేస్తం పరిగెత్తుకొచ్చి పక్క మెట్టు మీదికి ఎక్కేశాడు.

ఘాటు మొదలయ్యే మలుపులో కొండ దేవతకి దారిన పోయేవాళ్ళు ఒక రాయి వేసి పోతారు. రాళ్ళు గుట్టగా పెరిగి ఉంటాయి. వెయ్యకుండా దిగినవాణ్ణి నేను ఎరగను. నేస్తం ఆగమన్నాడు.

"ఆగితే మళ్ళీ అంటుకోదు!" అని అరిచాను.

అతను నా వైపు ఒకసారి చూసి, ఏం తట్టిందో, ఒళ్ళు వంచి దారి గట్టు మీద ఒక రాయి అందిపుచ్చుకుని, వెళుతున్న మోటారు మీద నుంచే విసిరాడు. అది గుట్ట మీద పడిందో, దాటి లోయలోకి పోయిందో మంచులో కనపడలేదు. పడిందా అని అమ్మ వెనక నుంచి అడిగింది. పడిందమ్మా అన్నాడు అతను. ఆ పూట మేమిద్దరం ఆమెకి అబద్ధాలే చెప్పాం.

సగం ఘాటు దిగాక నాన్నకి తెలివొచ్చింది. మోటారు ఎత్తెత్తి వేస్తోంది. ఆయన కాసేపు చెవి పెట్టి విన్నారు.

"ఏట్రా, దగ్గుతంది?"

"మూడే పనిసేత్తన్నాయి నాన్నా."

"నాలుగోది దాసేశావా?"

"దాశాను" అన్నాను.

"మంచి పని సేశావు" అన్నారు. ఆయన గొంతులో నిజంగా తృప్తి వినిపించింది. ఇరవై ఏళ్ళు నన్ను ఏ పనికీ మెచ్చుకోని మనిషి. ఆ తరవాత ఆయన మాట్లాడింది ఏదీ మాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి చేరాల్సినవాళ్ళం దీపాలు పెట్టే వేళకి చేరాం. కింద చదును నేల మీద మూడు ప్లగ్గుల బండి మనిషి నడక కన్నా కాస్త ముందు నడిచింది, అంతే. ఆసుపత్రిలో డాక్టరు మంచివాడు. గబగబా వచ్చాడు, సూదులు వేశాడు, చేయగలిగిందంతా చేశాడు. తరవాత నన్ను వరండాలోకి పిలిచి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "పొద్దున్నే తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాణ్ణేమో" అన్నాడు. నేను ఆయన కాలర్ పట్టుకోబోయి ఆగాను. ఆయన తప్పేముంది? మర్నాడు పొద్దెక్కే లోపు నాన్న పోయారు. అప్పటిదాకా ఆసుపత్రి గడప దాటి లోపలికి రాకుండా వాకిట్లోనే కూర్చున్న నేస్తం, తలపాగా తీసి నేల మీద పెట్టాడు.

"ఏటన్నాడు డాక్టరు?" అని అమ్మ అడిగింది.

"ముందే తెచ్చినా లాభం లేదన్నాడమ్మా. ఈ జొరం అలాటిదంట."

అమ్మ నా ముఖం వైపు చూసి తల ఊపింది. ఆ తరవాత ఆమె ఆ ఊసే ఎత్తలేదు.

ఆ ఏడాదంతా నేను కాపలా కాశాను. ఎవరైనా పరామర్శకి వచ్చి మోటారు మాట ఎత్తితే నేనే అడ్డుపడి "ఆ రోజు మంచు మరీ ఎక్కువ, ప్లగ్గులు తడిసిపోయాయి" అని చెప్పేవాణ్ణి. అడగనివాళ్ళకి కూడా చెప్పేవాణ్ణి. నా భార్య చేత ఒట్టు వేయించుకున్నాను. చీలిన ప్లగ్గుని లోయలోకి విసిరేశాను. నా కడుపులో ఉన్నది ఎలాగూ నన్ను కాల్చుతోంది, అది ఆమె కడుపులోకి పోకూడదు. ఈ భూమి మీద నాకు వేరే పని లేనట్టు ఆ ఒక్క అబద్ధాన్నీ సాకాను. మోటారుని అమ్మేద్దామని చాలాసార్లు అనుకున్నాను. అమ్మేస్తే ఎందుకని అమ్మ అడుగుతుందని ఉంచేశాను. కొత్త ప్లగ్గులు నాలుగు తెప్పించి, వచ్చిన రోజునే బిగించి, పైన ఇంకో నాలుగు రేకుపెట్టెలో పెట్టాను.

మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి పసుపు పళ్ళెం నా భార్య చేతిలో ఉంది. అమ్మ పూజ దగ్గరికి రాలేదు. భర్త పోయిన ఆడది ఆ పళ్ళెం ముట్టకూడదని మా వాళ్ళ ఆచారం. ఉన్న ఆచారాలన్నిటిలో నాకు ఒళ్ళు మండేది ఇదే. ఆమె లోపలి గదిలో, తలుపు పక్కన, గోడకి ఆనుకుని కూర్చుంది. మేం కనపడం, మాటలు వినపడతాయి. నా భార్య త్రాసుకి పెట్టింది, కుంచానికి పెట్టింది, గునపానికీ దబ్బనానికీ పెట్టింది. మోటారుకి పెట్టింది. చివరికి రేకుపెట్టె దగ్గరికి వచ్చి మూత తీసి ఆగిపోయింది. వేలికి పసుపుంది. నా వైపు చూసింది.

ఈ సంగతి మేం ముందు ఆలోచించుకోలేదు. పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదని అమ్మ అడుగుతుంది, అడిగితే చెప్పాలి. పెడితే ఏమవుతుందో మాకు తెలుసు. క్షణం తటపటాయించి, పెట్టెయ్, తరవాత నేను కడిగేస్తాను అని సైగ చేశాను. ఆమె వేలు వంచింది.

"ఆటికెట్టకమ్మా" అంది లోపల్నుంచి అమ్మ.

నా భార్య చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఏటత్తా?"

"నిప్పు పుట్టే సోట పసుపు నిలవదు. మాడిపోతాది." తరవాత, ఎవరితో కాదన్నట్టు, మెల్లగా అంది. "పుట్టిన కాణ్ణించీ పసుపులో ఉన్నదాన్ని. వొంటింట్లో పసుపు మాడితే కమురు నాకు తెల్దేటి? ఆడు మంచుకన్నాడు. ఎర్రి గుంటడు, అనలేక సచ్చిపోతన్నాడని నానూ మంచుకేనని ఊరుకున్నాను."

నేను గుమ్మం దాకా వెళ్ళాను. లోపలికి పోలేకపోయాను. ఏడాది పాటు నేను ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బోసి నుదుటితో, పెరటి వైపు చూస్తూ కూర్చుని ఉంది. నా అడుగుల చప్పుడు విని కూడా తల తిప్పలేదు.

"బేగి ఆ పెట్టి మూసెయ్యిరా" అంది. "మంచు పడతాది."

బయట ఎండ కాస్తోంది. నేను వెళ్ళి పెట్టె మూశాను.